తప్పొప్పుల పట్టికకు ఆవల: లినక్స్ కెర్నెల్ సవరణ వివరణలు – పాఠవిమర్శ దృష్టి

వ్యాససంగ్రహం

లినక్స్ కెర్నెల్‌లో జరిగే ప్రతి దిద్దుబాటుకూ ఒక చిన్న వివరణ తోడుగా ఉంటుంది. దానిని సాంకేతిక పత్రంగా మాత్రమే చూడటం పరిపాటి. తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం అందించిన పరికరాలతో ఆ వివరణను ఒక పాఠంగా చదివితే ఏమి తెలుస్తుందన్నది ఈ వ్యాసం ప్రశ్న. దోషానికి చరిత్ర రాయడం ఈ ప్రక్రియకు బలం. దోష తీవ్రతను చెప్పకపోవడం దాని లోపం. తెలుగు కంప్యూటింగ్ కృషి మాటల అనువాదం మీద పెట్టిన శ్రద్ధను ఈ ప్రక్రియ మీద పెట్టలేదన్నది ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, తప్పొప్పుల పట్టిక, కెర్నెల్, డ్రైవర్, మాసిక, ప్రక్షిప్తం, జ్ఞా.

1. ప్రవేశిక

పాత తెలుగు పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు – నాలుగు గళ్లు. పాఠకుడు కలం పట్టుకొని ఆ పట్టిక ప్రకారం తన ప్రతిని తానే దిద్దుకోవాలి. ఆ తప్పు ఎలా దొర్లింది, కూర్పరి వల్లనా, ప్రతి రాసిన వారి వల్లనా, దానిని ఎవరు కనిపెట్టారు అన్నవాటికి మాత్రం పట్టికలో గడి ఉండదు. తప్పు ఉన్నదని ఒప్పుకోవడం వరకే దాని పని.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కెర్నెల్ గుండె వంటిది. మనం వాడే ప్రోగ్రాములకూ యంత్రభాగాలకూ మధ్య నిలిచి, జ్ఞాపకాన్ని పంచి, ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించేది అదే. ఒక్కో యంత్రభాగం స్వభావం తెలిసిన కోడ్‌ను డ్రైవర్ అంటారు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌లో ఒక దిద్దుబాటు చేరాలంటే, తీసివేసే పంక్తులను మైనస్ గుర్తుతో, చేర్చే పంక్తులను ప్లస్ గుర్తుతో చూపాలి. ఇంతవరకు అది మన తప్పొప్పుల పట్టికే. అయితే ఆ పంక్తులకు ముందు వచనంలో ఒక వివరణ ఉండాలి. దోషం ఏమిటి, ఎవరికి ఎలా కనిపించింది, ఈ మార్పు దానిని ఎందుకు తొలగిస్తుంది అన్నది అందులో చెప్పాలి. చివర సంతకం చేయాలి. నివేదించినవారు, పరీక్షించినవారు, సమీక్షించినవారు ఎవరో వేర్వేరు పంక్తుల్లో రాయాలి. ఏ పాత మార్పు వల్ల దోషం పుట్టిందో తెలిస్తే దాని గుర్తింపుసంఖ్యలో కనీసం 12 అక్షరాలు ఉటంకించాలి.

శామీర్‌పేట ప్రాంతంలో ఈ పాఠంతో సంబంధం ఉన్న చదువులు రెండు చోట్ల సాగుతున్నాయి. ఒకటి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. రెండవది అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో జవహర్‌నగర్ వైపు 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం. సవరణ వివరణ ఈ రెండు విద్యలకూ చెందినది. అందులోని సంతకం కేవలం మర్యాద కాదు, న్యాయపరమైన ప్రకటన. 2003లో ఎస్.సి.ఓ. సంస్థ ఐ.బి.ఎం. మీద వ్యాజ్యం వేసి, తన కోడ్ లినక్స్‌లో చేరిందని ఆరోపించింది. ఆ నేపథ్యంలోనే 2004లో, ‘ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకున్నది’ అని ప్రతి రచయితా సంతకంతో హామీ ఇచ్చే పద్ధతి వచ్చింది. న్యాయశాస్త్రం వారు సంతకాన్ని చదువుతారు, కంప్యూటర్ శాస్త్రం వారు ప్లస్, మైనస్ పంక్తులను చదువుతారు. మధ్యలో ఉన్న వచనాన్ని చదవవలసినవారు పాఠవిమర్శకులు. ఆ పనికి తెలుగు శాఖలు పరాయివి కావు.

2. మాసిక, దిద్దుబాటు, పరిష్కరణ

ఈ రంగంలో దిద్దుబాటును ‘ప్యాచ్’ అంటారు. చిరిగిన బట్టకు వేసే అతుకు అని దాని మూలార్థం. తెలుగులో దానికి ‘మాసిక’ అనే చక్కని మాట ఉన్నది. నాకు తెలిసినంతలో సాంకేతిక పదకోశాల కర్తలు దానిని పెద్దగా ఆదరించలేదు. కారణం ఊహించవచ్చు: మాసిక వేసిన బట్ట పేదరికానికి గుర్తు, మనం దానిని దాచుకుంటాం. కెర్నెల్ సంస్కృతి దానిని దాచదు, బట్టంతా మాసికలేనని చెప్పుకుంటుంది.

‘దిద్దుబాటు’ అనగానే గురజాడ 1910 నాటి కథ తలపుకు వస్తుంది. ఆయనే కన్యాశుల్కాన్ని 1897లో ఒకసారి, 1909లో సమూలంగా మార్చి మరొకసారి ప్రకటించారు. రెండవది దిద్దుబాటు కాదు, పునారచన. కెర్నెల్ సంప్రదాయంలో ఈ రెండింటి మధ్య గీత చాలా స్పష్టం. ఇప్పటికే విడుదలై వాడుకలో ఉన్న స్థిర ప్రతులకు పంపే సవరణ, చుట్టూ ఉన్న పంక్తులతో కలిపి 100 పంక్తులకు మించరాదన్న నియమం ఉన్నది. అది నిజంగా ఎవరినో ఇబ్బంది పెడుతున్న దోషాన్ని సవరించాలి, ఊహాజనితమైన దానిని కాదు. పనిలో పనిగా అందంగా ఉంటుందని మరో నాలుగు మార్పులు చేర్చడం నిషిద్ధం. తాళపత్రాలు పరిష్కరించేటప్పుడు ఛందస్సు బాగుంటుందని పద్యాన్నే మెరుగుపరచిన పండితులను ఎరిగినవారికి ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

పరిష్కరణ విషయానికి వస్తే, మనకున్న సంప్రదాయం తక్కువది కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ప్రకటించారు. ఆ తరువాత కడపలో పండితులను నియమించి, అనేక ప్రతులను పోల్చి, శుద్ధప్రతులు రాయించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలువరించిన ఆంధ్రమహాభారత సంశోధిత ముద్రణ పాఠాంతరాలను పుట అడుగున చూపింది. పాఠాంతరం ఉన్నదని మనకు తెలుస్తుంది. కాని ఒక పాఠాన్ని ఎందుకు గ్రహించారో, మరొకదానిని ఎందుకు విడిచారో చాలాచోట్ల పండితుని మనసులోనే ఉండిపోయింది. జూలూరి అప్పయ్య, రావిపాటి గురుమూర్తి వంటి బ్రౌన్ పండితుల పేర్లు మనకు తెలుసు, కాని ఏ పద్యంలో ఏ దిద్దుబాటు ఎవరిదో విడదీసి చెప్పడం సులభం కాదు.

వాక్యనిర్మాణంలోనూ ఈ తేడా కనిపిస్తుంది. సవరణ వివరణను ఆజ్ఞార్థక క్రియతో రాయమని కెర్నెల్ నియమావళి చెబుతుంది, కోడ్‌కే ఆదేశం ఇస్తున్నట్లు. మన పరిశోధన వ్యాసాల్లో స్థిరపడిన రూపం ‘పరిశీలించడమైంది’, ‘సవరించడమైంది’. ఈ రూపంలో కర్త మాయమవుతాడు. వినయం కోసం పుట్టిన వాడుకే కావచ్చు. అయితే తప్పు జరిగినప్పుడు ఆ వినయం అనుకూలమైన ముసుగు కూడా. ఈ వ్యాసంలోనూ ఆ రూపం జారిపడబోతే రెండుచోట్ల తీసివేశాను.

3. ఒక వివరణ: 2016 అక్టోబరు

ఈ ప్రక్రియ బలాబలాలు రెండూ కనిపించే పాఠం ఒకటి చూద్దాం. ‘డర్టీ కౌ’ పేరుతో ప్రసిద్ధమైన దోషానికి 2016 అక్టోబరులో టోర్వాల్డ్స్ రాసిన సవరణ అది. భద్రతాదోషాల జాబితాలో దాని సంఖ్య సి.వి.ఇ.-2016-5195.

దోషాన్ని మన పరిభాషలో ఇలా చెప్పుకోవచ్చు. గ్రంథాలయంలో ఒక మూలప్రతి ఉన్నది. పాఠకుడికి చదివే హక్కే కాని రాసే హక్కు లేదు. అతను రాస్తానంటే గ్రంథపాలకుడు నకలు తీయించి, ఆ నకలు మీద రాసుకోమంటాడు. కెర్నెల్ కూడా జ్ఞాపకంలోని పుటల విషయంలో ఇదే చేస్తుంది. నకలు తయారైన తరువాత, ‘ఇతను అడిగింది రాయడానికి’ అన్న సంగతిని మాత్రం కెర్నెల్ తన చీటీ నుంచి కొట్టివేసేది. సరిగ్గా ఆ క్షణంలో పాఠకుని స్నేహితుడు ఆ నకలును చెత్తబుట్టలో వేయించాడనుకోండి. పాలకుడు మళ్లీ పుట వెతుకుతాడు. చీటీలో ‘రాయడానికి’ అని లేదు కనుక మూలప్రతినే అందిస్తాడు. కలం మూలప్రతి మీద పడుతుంది. ఆ మూలప్రతి వ్యవస్థ యాజమాన్య హక్కులను నిర్ణయించే ఫైలు అయితే, మామూలు వాడుకరి యంత్రానికి యజమాని అవుతాడు. 2007 నాటి 2.6.22 ప్రతి నుంచి ఈ సందు వాడుకోదగినదిగా ఉన్నది. సవరణ కొద్ది పంక్తులే: చీటీలోని మాటను కొట్టివేయవద్దు, ‘నకలు తీశాము’ అన్న గుర్తును వేరుగా పెట్టు, ఆ నకలు ఇంకా ఉన్నదో లేదో చూచి మరీ అనుమతించు.

వివరణ ఆరంభమే గమనించదగినది. ఇది చాలా పాత దోషమనీ, పదకొండేళ్ల క్రితం తానే దీనిని సవరించబోయి సరిగా చేయలేకపోయాననీ రచయిత ఒప్పుకుంటాడు. ఆనాటి తన సవరణ సంఖ్యను ఉటంకిస్తాడు. ఎస్390 అనే ఐ.బి.ఎం. యంత్రశ్రేణి మీద ఇబ్బంది రావడంతో మరో సవరణ దానిని రద్దుచేసిందని, దాని సంఖ్యనూ ఇస్తాడు. ఆ ఇబ్బంది తీరిపోయి చాలాకాలమైందని, ఒకనాడు ఊహకే పరిమితమైన పోటీ ఈనాడు సులభంగా సంభవిస్తున్నదని వివరిస్తాడు. కొన్ని వాక్యాల్లో ఒక దోషం జీవితచరిత్ర. ఇందులో ఆత్మనింద లేదు, సమర్థనా లేదు. నివేదించిన ఫిల్ ఓస్టర్ పేరు రాసిన చోట, పేరు మధ్యలో ‘పాల్ కాదు’ అన్న సరదా చేర్పు కూడా ఉన్నది. దిద్దుబాటులో మరో దిద్దుబాటు.

తెలుగు పరిష్కర్తల పీఠికల్లో పూర్వ పరిష్కర్త తప్పులు ఎత్తిచూపడం కొల్లలుగా దొరుకుతుంది. తన తొలి కూర్పులోని తప్పును సంఖ్యతో సహా చూపి, అది ఎందుకు తప్పిందో చెప్పిన పీఠికలు బహు అరుదు. పాండిత్య ప్రతిష్ఠ అంతా తప్పు చేయకపోవడం మీద నిలిచిన చోట అది సహజమే.

అయితే ఇదే పాఠం మరొక విషయంలో మౌనంగా ఉన్నది. ఈ దోషంతో యంత్రాన్ని వశం చేసుకోవచ్చునన్న మాట ఆ వివరణలో లేదు. చదివినవారికి అది జ్ఞాపకనిర్వహణలో ఒక సూక్ష్మమైన పొరపాటుగానే కనిపిస్తుంది. భద్రతాదోషం కూడా దోషాలలో ఒకటే, దానికి ప్రత్యేక పీట వద్దు అన్నది టోర్వాల్డ్స్ ఎప్పటినుంచో చెబుతున్న మాట. దానికి తర్కం లేకపోలేదు: నిన్నటి మామూలు దోషం రేపు భద్రతాదోషంగా తేలవచ్చు. కాని పాఠవిమర్శకునికి ఇది సరిపోదు. ఏ మార్పును తక్షణం తమ యంత్రాలకు చేర్చుకోవాలో నిర్ణయించవలసిన కళాశాల ప్రయోగశాల నిర్వాహకుడు ఈ వచనాన్నే ఆధారం చేసుకుంటే మోసపోతాడు. పుట్టుపూర్వోత్తరాలు అంత నిజాయితీగా రాసిన చేయి పర్యవసానం దగ్గర ఆగిపోవడం, నా దృష్టిలో, ఈ ప్రక్రియ శైలీదోషం మాత్రమే కాదు, నైతికదోషం కూడా. 2024 ఫిబ్రవరిలో కెర్నెల్ బృందం సి.వి.ఇ. సంఖ్యలను తానే కేటాయించే బాధ్యత స్వీకరించింది. దానివల్ల సంఖ్యలు పెరిగాయి గాని, తీవ్రతను అంచనా వేసే భారం ఇప్పటికీ చదివేవారి మీదనే ఉన్నది.

కథ అక్కడితో ముగియలేదు. పెద్ద పరిమాణపు పుటల విషయంలో ఆ సవరణ చాలదని 2017 చివర తేలింది. మరొక మాసిక పడింది.

4. దోషం ఎవరిది?

డ్రైవర్ల చరిత్రలో 2008 నాటి ఒక ఘటన పాఠవిమర్శకులకు వెంటనే అర్థమవుతుంది. 2.6.27 ప్రతి సిద్ధమవుతున్న రోజుల్లో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు కొన్ని పనికిరాకుండా పోసాగాయి. కార్డులో శాశ్వతంగా ఉండవలసిన సమాచారం మీద ఏదో చెత్త రాయబడి, కార్డు మూగబోయేది. అనుమానం సహజంగా ఇ1000ఇ అనే ఆ కార్డు డ్రైవర్ మీద పడింది. లినక్స్ పంపిణీదారులు పరీక్షాప్రతుల్లో డ్రైవర్‌ను నిలిపివేశారు. కార్డు జ్ఞాపకానికి తాళం వేసే సవరణ కూడా డ్రైవర్‌లో చేరింది.

అసలు దోషి డ్రైవర్ కాదు. కెర్నెల్ తన పనితీరును తానే గమనించుకోవడానికి చేర్చుకున్న ఎఫ్‌ట్రేస్ అనే పరికరం, ఒకప్పుడు కోడ్ ఉండి తరువాత ఖాళీ అయిన చిరునామాలను గుర్తుపెట్టుకొని, అక్కడ కోడ్ ఇంకా ఉన్నదనుకొని దిద్దబోయేది. ఆ చిరునామా ఈలోగా కార్డు జ్ఞాపకానికి కేటాయింపై ఉండేది. 2008 అక్టోబరులో వచ్చిన 2.6.27.1 సవరణ ప్రతి ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని నిలిపివేసింది.

లేఖకుని తప్పు అని కొట్టిపారేసిన పాఠం నిజానికి అతని ముందున్న మాతృకలోనే ఉండటం మనకు కొత్త కాదు. దోషం కనిపించిన చోటే దోషం పుట్టిందనుకోవడం రెండు రంగాల్లోనూ మొదటి పొరపాటు. ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఇక్కడ డ్రైవర్ నిర్దోషి అని తేలిన తరువాత కూడా దాని మీద వేసిన తాళం తీయలేదు. కారణం తప్పైనా కట్టుబాటు మంచిదేనని నిలుపుకున్నారు.

5. ఆదిమప్రతి, ప్రక్షిప్తం

ఇప్పుడు వాడుకలో ఉన్న కెర్నెల్ భాండారం 2005 ఏప్రిల్ 16న, 2.6.12 ప్రతికి సన్నాహదశలో మొదలవుతుంది. అంతకుముందు చరిత్ర ఉన్నదనీ, దానిని ఇక్కడ చేర్చడం లేదనీ తొలి వివరణలోనే టోర్వాల్డ్స్ చెప్పారు, చేరిస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని లెక్క కూడా ఇచ్చారు. ఫలితంగా 2005కు ముందు పుట్టిన దోషాలు ఎన్నో ఈ ఒక్క తొలి నమోదు పేరిట రాయబడుతున్నాయి. కర్త తెలియని చాటువులన్నీ శ్రీనాథుని ఖాతాలోనో తెనాలి రామకృష్ణుని ఖాతాలోనో పడినట్లే. చరిత్ర సంపూర్ణంగా నమోదయిందని పేరున్న చోట కూడా ఒక ఆదిమ అంధకారం ఉంటుంది.

ప్రక్షిప్తాల సంగతి ఇంకా గంభీరమైనది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు, లోపాలున్న సవరణలు కావాలనే పంపితే సమీక్షకులు పట్టుకుంటారా లేదా అని పరీక్షించారు. సమీక్షకులకు ముందుగా చెప్పలేదు. 2021 ఏప్రిల్‌లో స్థిర ప్రతుల నిర్వాహకుడు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే సవరణలను నిషేధించారు. అంతకుముందు అక్కడినుంచి చేరిన మార్పులన్నీ తిరిగి పరిశీలనకు వచ్చాయి. పరిశోధకులు తమ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. పిహెచ్.డి. పర్యవేక్షకులు తమ విద్యార్థులతో చర్చించవలసిన ఉదంతమిది. మానవుల మీద ప్రయోగం అంటే వైద్యం, మనస్తత్వశాస్త్రం మాత్రమే గుర్తుకువచ్చే మన నైతిక సమీక్షా సంఘాలకు, పాఠాన్ని పరిష్కరించేవారి నమ్మకంతో ఆడుకోవడం కూడా మానవుల మీద ప్రయోగమేనని తట్టకపోవచ్చు.

6. ‘జ్ఞా’: దోషానికి పేరు పెట్టడం

ఇంతవరకు చూచినది బహిరంగంగా సాగే దిద్దుబాటు. తెలుగుకే తగిలిన ఒక దోషం, దానికి భిన్నమైన పద్ధతిలో ఎలా సవరించబడిందో పోల్చి చూడాలి. అది కెర్నెల్ దోషం కాదు, ఆపిల్ వ్యవస్థలో అక్షరాలను తెర మీద కూర్చే భాగానిది. పోలిక వివరణల మధ్యనే.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూలుస్తున్నదని లోకమంతా వార్త వచ్చింది. ‘జ్ఞా’ ఉన్న సందేశం వస్తే ఆ యాప్ మూతపడేది. పత్రికలు దానికి ‘తెలుగు బగ్’ అని పేరు పెట్టాయి. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని కూల్చిందని మనమూ నవ్వుకున్నాం. ఎవరూ ఆ అక్షరాన్ని విప్పి చూడలేదు. విప్పితే అందులో ఉన్నవి జ, పొల్లు, ఞ, ఆపై కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం, చివర దీర్ఘం. ఆ విభాజకం మామూలుగా ‘జ్ఞానం’ అని రాసేటప్పుడు అక్కడ ఉండదు, ఉండవలసిన అవసరం లేదు. అంటే తెలుగువాడు రోజూ రాసే ‘జ్ఞా’ నిర్దోషి. పైగా ఇటువంటి కూర్పులు బెంగాలీలోనూ దేవనాగరిలోనూ అదే ఫలితాన్నిచ్చాయి. దోషం భాషది కాదు, ఆ లిపులను కూర్చే కోడ్‌ది. 2008లో డ్రైవర్‌కు పట్టిన గతే 2018లో తెలుగుకు పట్టింది.

ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 ప్రతిని విడుదల చేసింది. దాని వివరణ, కొన్ని అక్షర క్రమాల వల్ల యాప్‌లు మూతపడే సమస్యను సరిచేశామన్నంతే. భద్రతా ప్రకటనలో జ్ఞాపకం చెడిపోయే దోషమనీ, లోపలికి వచ్చే దత్తాంశాన్ని మెరుగ్గా పరీక్షించి సవరించామనీ ఉన్నది. ఏ భాష, ఏ అక్షరాలు, ఏ ప్రతి నుంచి, ఏ పంక్తి వల్ల అన్న ప్రశ్నలకు జవాబు లేదు. పత్రికలు తెలుగు పేరును అన్యాయంగా వాడాయి, సవరణ వివరణ తెలుగు పేరే ఎత్తలేదు. నింద బహిరంగం, విముక్తి రహస్యం. కెర్నెల్ పద్ధతిలో ఒక్క పేరా రాసి ఉంటే, ఆ కూర్పులో ఏ సంకేతం ఎందుకు తికమక పెట్టిందో మన లిపిశాస్త్ర విద్యార్థులకు పాఠంగా దక్కేది. బయటివారు ఊహించి రాసిన విశ్లేషణలే ఈనాటికీ మనకు ఆధారం.

7. తెర వెనక తెలుగు

తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ అన్న మాటను 2005లో ‘స్వేచ్ఛ’ నిజం చేసింది. డెబియన్ ఆధారంగా, మెనూలు, సందేశాలు తెలుగులో కనిపించేలా స్వచ్ఛంద కార్యకర్తలు, ఇంజనీరింగ్ విద్యార్థులు శ్రమించారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో ఖతులను స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చారు. ఈ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ తెలుగు ఎంతవరకు దిగిందో విమర్శకుడు చెప్పాలి.

అన్నీ సవ్యంగా ఉన్నంతసేపు తెర తెలుగులో ఉంటుంది. డ్రైవర్ తప్పి, చిత్రాలతో కూడిన తెర రాకుండా పోయినప్పుడు మిగిలేది కెర్నెల్ సొంత అక్షర తెర. అది 512 అక్షరరూపాలకు మించి పట్టదు. ఒత్తులను, గుణింతాలను కలిపి కూర్చే నేర్పు దానికి లేదు. ఆ తెర మీద తెలుగు రాదు. వచ్చే సందేశమూ ఆంగ్లమే. కుశలప్రశ్నలు తెలుగులో, కష్టం వచ్చినప్పుడు ఆంగ్లంలో.

కెర్నెల్ పత్రాల అనువాదాల విభాగంలో చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ భాషలు చోటుచేసుకున్నాయి. దోషం ఎలా నివేదించాలి, సవరణ ఎలా పంపాలి అన్న అధ్యాయాలను వారు తమ భాషలోకి తెచ్చుకున్నారు. భారతీయ భాష ఒక్కటీ అక్కడ లేదు. హైదరాబాదులోని చిప్ తయారీ సంస్థల అభివృద్ధి కేంద్రాల నుంచి డ్రైవర్ సవరణలు నిత్యం వెళుతున్నాయి. అంటే నైపుణ్యం కొదవ కాదు. ‘మౌస్’కు తెలుగు ఏమిటి అని తగవులాడినంతగా, ‘ఈ దోషం ఫలానా మార్పుతో పుట్టింది, ఫలానా యంత్రం మీదే కనిపిస్తుంది, దీనిని నేను ఇలా పరీక్షించాను’ అన్న మూడు వాక్యాలను తెలుగులో ఎలా రాయాలో మనం ఆలోచించలేదు. పదం దొరికినా ప్రక్రియ లేదు. శామీర్‌పేట చుట్టుపక్కల ఇంజనీరింగ్ తరగతిలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి, తన ప్రోగ్రాము ఎక్కడ తప్పిందో స్నేహితునికి తెలుగులో చక్కగా చెప్పి, అదే సంగతి రికార్డులో రాయవలసి వచ్చేసరికి తప్పునే వదిలేసి ఫలితం మాత్రం రాయడం అధ్యాపకులు ఎరగనిది కాదు.

సంతకాల దగ్గరా ఇదే సంగతి. 2023 వరకు అసలు పేరు తప్పనిసరి అని ఉండేది. ఇప్పుడు గుర్తెరిగిన వ్యక్తిత్వం ఉంటే చాలు, అనామకం మాత్రం కుదరదు. నమోదు యూనికోడ్‌లోనే సాగుతుంది. జర్మన్ రచయితల పేర్లలో అచ్చు మీది చుక్కలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. తెలుగు పేర్లు మాత్రం రోమన్ లిపిలోనే ఉన్నాయి, ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట ఒట్టి పొడి అక్షరంగా. హ్రస్వదీర్ఘాల తేడా అక్కడ నిలవదు. రమ ఎవరో, రామ ఎవరో, రమా ఎవరో ఆ సంతకాన్ని బట్టి చెప్పలేము.